పిచ్చాపాటీ: జత లేని ఆసూ, రాజూ

టెక్సాసు పేకాటరాయుళ్లు ఆసుకూ రాజుకూ కలిపి రెండు పేర్లు పెట్టారు. పోకరు ఆటలో మొదట పంచిన రెండు ముక్కలూ ఈ రెండే అయితే ‘బిగ్ స్లిక్’ అని ఒక పేరు. రెండో పేరు ‘హ్యూస్టనుకు కాలినడక’. వెనక హ్యూస్టను నుంచి డల్లాసుకు ఆడడానికి వచ్చే పెద్దమనుషులు ఆసూ రాజూ కంటబడగానే ఒళ్లు తెలియక ఉన్నదంతా ఒడ్డేసేవారట. జేబులు ఖాళీ అయ్యాక తిరుగుప్రయాణానికి కాళ్లే గతి. రెండు ఊళ్లకూ మధ్య దూరం సుమారు 240 మైళ్లు. ఒకే చేతికి ఒక పేరు గౌరవంగానూ ఇంకొకటి ఎకసెక్కంగానూ ఉన్నాయంటే, ఆ చేతిలో ఏదో తిరకాసు ఉందన్నమాటే.

ఈ పరాయి ఆట గొడవ మనకెందుకంటారా? విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం దీనికి కారణం. అబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడట. అన్నం తింటూ కూడా ఫోనులో ఈ ఆట పాఠాలు చూస్తున్నాడట. “ఆసూ రాజూ వస్తే ఆగకూడదమ్మా, పందెం పెంచాలి. ఊరికే సరే అనేవాడు పిరికివాడు” అని బోధ చేస్తున్నాడట. ఆవిడ సూటిగా అడిగారు: “మా ఇంట్లో రమ్మీ అందరికీ వచ్చు. జతైనా పడని రెండు ముక్కలకు అంత దర్పమేమిటండీ? ఇది లెక్కా, పొగరా?”

చాలా మంచి ప్రశ్న. లెక్క ఎంతో, పొగరెంతో విడదీసి చూద్దాం.

ముందు ఆట సంగతి. రమ్మీ తెలియని తెలుగిల్లు ఉంటుందనుకోను. మూడు ముక్కలాట తెలిసినా తెలియదంటారు, అది వేరే మాట. టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ పోకరులో మనిషికి రెండే ముక్కలు, బోర్లా పంచుతారు. వాటిని చూసుకుని ఒక విడత పందెం కాస్తారు. తర్వాత బల్ల మధ్య మూడు ముక్కలు అందరికీ కనిపించేట్టు పరుస్తారు. దీన్ని ఫ్లాప్ అంటారు. మళ్లీ పందెం. నాలుగో ముక్క, పందెం. అయిదో ముక్క, ఆఖరి పందెం. చేతిలో రెండూ, బల్లమీద అయిదూ, మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ఎవరికి కుదిరితే మధ్యలో పోగైన రాశి వారిది. ఎప్పుడైనా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు, మన రమ్మీలో డ్రాప్ అన్నట్టే. అంతవరకూ పెట్టినది మాత్రం తిరిగిరాదు. ఇక ‘నో లిమిట్’ అంటే హద్దులేని ఆట అని అర్థం. తన ముందున్న మొత్తమంతా ఏ విడతలోనైనా ఒకేసారి ఒడ్డవచ్చు. ధర్మరాజు ఆడినదీ హద్దులేని ఆటే గాని, పాపం ఆయనకు ముక్కలు పడేసే వెసులుబాటు లేకపోయింది.

టెక్సాసులో రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు ఈ ఆటకు పుట్టిల్లని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో గుర్తించింది. 1960ల్లో లాస్‌వేగాసుకు పాకింది. 1970లో అక్కడి బినియన్స్ హార్స్‌షూ అనే జూదగృహంలో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. చరిత్ర ఇంత చాలు. లెక్కలోకి వద్దాం.

52 ముక్కల్లోంచి రెండేసి తీస్తే 1326 రకాలుగా రావచ్చు. అందులో జతలు 78 మాత్రమే. అంటే పదిహేడుసార్లు పంచితే ఒక్కసారి జత, పదహారుసార్లు జత లేని ముక్కలే. జత కోసమే కూర్చునేవాడు కూర్చునే ఉంటాడు. ప్రతి ఆటకూ తప్పనిసరిగా కట్టవలసిన పందెాలు ఉంటాయి గనక కూర్చున్నందుకు అద్దె పోతూనే ఉంటుంది. కాబట్టి జతలేని చేతుల్లో మెరుగైనవాటితో బండి నడపక తప్పదు. వాటిలో పెద్దన్న ఆసూ-రాజూ. అది 16 రకాలుగా రావచ్చు: ఒకే గుర్తుతో నాలుగు, వేర్వేరు గుర్తులతో పన్నెండు. సుమారు 83సార్లకు ఒకసారి.

ఆ తల్లి సందేహం ఇక్కడే సరిగ్గా తగులుతుంది. ఆసూ-రాజూ ప్రస్తుతానికి ఏమీ కాదు. అవతలివాడి చేతిలో రెండు రెళ్లున్నా, ఈ క్షణంలో వాడిదే పైచేయి. బల్లమీద అయిదు ముక్కలూ పరిచేదాకా ఆడితే, రెళ్ల జత నూటికి 53సార్లు గెలుస్తుంది. మన ఆసూ-రాజూ 47సార్లు. అవతల రాణుల జత ఉంటే మనకు నూటికి 43. రాజుల జత ఉంటే 30. ఆసుల జతే ఉంటే 7, ఇక నారాయణా అనుకోవడమే. (ఇవన్నీ వేర్వేరు గుర్తుల ఆసూ-రాజూ లెక్కలు. ఒకే గుర్తువైతే రెండు మూడు పాళ్లు, ఒక్కోచోట అయిదు పాళ్లు ఎక్కువ.) ఏ జత ఎదురైనా మనవైపు సగానికి తక్కువే. మరి పెంచమని అబ్బాయి ఎందుకంటున్నాడు?

ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకుంటే మరీ మంచిది. బల్లమధ్య 300 చింతపిక్కలు ఉన్నాయి. మన దగ్గర 1000, ఎదుటివాడి దగ్గర 1000. మన చేతిలో ఆసూ రాజూ, వాడి దగ్గర ఏదో ఒక జత ఉందనే అనుకుందాం, అంటే మనకు చెడ్డగానే అనుకుందాం.

వాడు రాణుల జతతో ముందుగా 1000 ఒడ్డాడు, మనం సరేనన్నాం. రాశి 2300 అయింది. అందులో నూటికి 43 పాళ్లు మనవి: 989. పెట్టింది 1000. సగటున ఆటకు 11 పిక్కల నష్టం.

అలా కాక మనమే ముందు 1000 ఒడ్డాం. ఇప్పుడు నిర్ణయించుకోవలసినవాడు వాడు. జత రెళ్లో, అయిదులో, ఏడులో అయితే వాడికి గుండె పీచుపీచుమంటుంది. వందసార్లలో 50సార్లు పడేశాడనుకోండి. ఆ 50సార్లూ 300 చొప్పున 15,000 మనకు వచ్చాయి, ఒక్క ముక్కయినా పరవకుండానే. మిగతా 50సార్లు సరేనన్నాడు. అన్నప్పుడల్లా రాణుల జతే ఉందని పెట్టుకుందాం. ఆటకు 11 చొప్పున 550 పోయాయి. నికరం 14,450. ఆటకు 144న్నర లాభం.

ముక్కలు అవే. వెయ్యీ అదే వెయ్యి. ముందు ఒడ్డితే లాభం, తర్వాత సరేనంటే నష్టం. సరేననేవాడు గెలవడానికి ఒకటే దారి: మేలైన ముక్కలు పడాలి. ఒడ్డినవాడికి రెండు దారులు: ముక్కలు పడాలి, లేదా అవతలివాడు ముక్కలు పడేయాలి. ఆసూ-రాజూ విలువలో పెద్ద భాగం మన చేతిలో లేదు, ఎదుటివాడి మనసులో ఉంది.

దీనికి తోడు ఇంకొక చమత్కారం ఉంది. ఆసుల జత ఎవరికైనా ఆరు రకాలుగా రావచ్చు. ఒక ఆసు మన దగ్గర ఉంటే మిగిలినవి మూడు ఆసులే. ఇక ఆ జత మూడు రకాలుగానే వస్తుంది. రాజుల జత సంగతీ అంతే. అంటే మనం భయపడవలసిన రెండు జతలనూ మన ముక్కలే సగానికి సగం అడ్డుకుంటున్నాయి. ఎదుట ఒక్కడే ఉంటే, ఆ రెంటిలో ఒకటి వాడి దగ్గర ఉండడం 204సార్లకు ఒకసారి. అబ్బాయి ధైర్యంలో ఇంతవరకూ ఉన్నది పొగరు కాదమ్మా, గణితమే.

ఈ సంగతి అచ్చులో పెట్టి లోకానికి చాటినవారిలో డోయిల్ బ్రన్సన్‌ను ముందు చెప్పుకోవాలి. 1933లో టెక్సాసులో లాంగ్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్‌లో దిట్ట. ఒక ప్రమాదంలో కాలు విరిగి ఆట పోయింది, పేక మిగిలింది. టెక్సాసు ఊళ్లన్నీ తిరుగుతూ ఆడినవాడు. 1978లో తన విద్యంతా సొంత ఖర్చుతో పుస్తకంగా వేశాడు. వెల 100 డాలర్లు! తర్వాత దాని పేరు ‘సూపర్ సిస్టమ్’ అయింది. ఆ పుస్తకం వల్ల తన గుట్టు అందరికీ తెలిసిపోయి తనకే నష్టమైందని చెప్పుకునేవాడు. పాఠాలు చెప్పి శిష్యుల చేతిలో ఓడిపోయే గురువులు సంగీతంలోనూ ఉన్నారు గాని, వాళ్లకు డబ్బు పోదు.

ఆ పుస్తకంలో ఒకచోట ఆయన, ఆసుల జతకన్నా, రాజుల జతకన్నా తనకు ఆసూ-రాజూయే ఇష్టమంటాడు. మొదటిసారి ఎవరికైనా ఇది చోద్యంగానే కనిపిస్తుంది. ఆయన కారణాలు రెండు. అది కుదిరినప్పుడు పెద్ద రాశి వస్తుంది. కుదరనప్పుడు తక్కువలో బయటపడవచ్చు. రెండోది ఎంత లోతైన మాటో చూడండి. ఆసుల జత పట్టుకున్నవాడు దాన్ని వదలలేడు. కట్టలోకెల్లా గొప్ప జత చేతికొచ్చాక, బల్లమీద ఎదుటివాడికి ఏం కుదిరిందో చూసే కళ్లు మూసుకుపోతాయి, చివరిదాకా పోసి మునుగుతాడు. ఆసూ-రాజూ పట్టుకున్నవాడికి తనది ఇంకా ఏమీ కాలేదన్న జ్ఞానం ఉంటుంది. ఉండాలి, కనీసం. ఆ జ్ఞానం లేనివాళ్లే హ్యూస్టనుకు నడిచింది.

ఇక మా ఇంటి ముచ్చట. మొన్న సంక్రాంతికి డల్లాసు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. భోగినాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ చాపమీద కూర్చోబెట్టి, మనిషికి వంద చింతపిక్కలు పంచి, ఈ ఆట నేర్పాడు. పిల్లలూ, మా ఆవిడా, నేనూ, ఎనభై ఏళ్లు దాటిన మా పిన్నీ. పిన్నికి రమ్మీలో చెయ్యి తిరిగింది. మేనల్లుడు ముక్కలు చూసుకుని, గంభీరంగా ముఖం పెట్టి, ముందు పది పిక్కలు, తర్వాత ముప్ఫై, తర్వాత ఉన్నవన్నీ ఒడ్డాడు. మేమందరం పడేశాం. పిన్ని తన గుప్పెడూ ముందుకు తోసింది.

“చిన్నమ్మమ్మా, నువ్వు పడేయాలి ఇక్కడ” అన్నాడు వాడు.

“ఎందుకురా?”

“నేను అన్నీ ఒడ్డానుగా!”

“ఒడ్డితే ఒడ్డావు. చింతపిక్కలేగా నాయనా!”

వాడి దగ్గర ఆసూ రాజూ. ఆవిడ దగ్గర ఏడూ, రెండూ, గుర్తులు కూడా కలవలేదు. పోకరులో ఇంతకన్నా చెడ్డ చెయ్యి లేదంటారు. బల్లమీద ఒక రెండు, ఒక ఏడు పడ్డాయి. పిన్ని పిక్కలన్నీ కొంగులోకి లాక్కుంది. మూడుసార్లలో రెండుసార్లు ఆసూ-రాజూయే గెలుస్తుంది నిజమే, కాని మూడోసారి కూడా ఉంటుంది. ఆ మధ్యాహ్నం వాడు ఎన్నిసార్లు బెదిరించినా ఆవిడ బెదరలేదు. వాడి డల్లాసు విద్య మా చాపమీద చెల్లలేదు.

అప్పుడు మా ఆవిడ ఒక సవరణ తెచ్చింది. ఇరవై పిక్కలు పోగొట్టుకున్నవాళ్లకు సాయంత్రం కాఫీ లేదు. మా ఇంట్లో సాయంత్రం కాఫీ అంటే చిన్న విషయం కాదు. పిన్ని ఆ మాట విని ముక్కలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడడం మొదలెట్టింది. రెండు ఆటల తర్వాత వాడు పదిహేను ఒడ్డగానే, “నాకొద్దమ్మా” అని పడేసింది. తర్వాత తిరగేసి చూస్తే ఎనిమిదుల జత! లెక్కప్రకారం ఆవిడదే కాస్త పైచేయి. అదే మనిషి, అదే చాప, అవే పిక్కలు. వాటికి కాఫీ అతుక్కునేసరికి వాటి బరువు మారింది.

మేనల్లుడు వారంరోజుల్లో చెప్పలేనిది మాకు ఆ పూటే బోధపడింది. పోయినా నొప్పి లేనిచోట దూకుడు పనిచెయ్యదు. ఆసూ-రాజూతో ముందుకు తోసేవాడు నిజంగా ఒడ్డేది ముక్కల బలం కాదు, ఎదుటివాడి నొప్పి. అందుకే ఈ ఆట చింతపిక్కలతో సగమే ఆట, అసలు డబ్బు పెట్టినప్పుడే పూర్తి ఆట. ఆ తల్లి ఉత్తరంలోని బెంగకు వేరు ఇక్కడే ఉంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

పడేయని పిన్నిలాంటివాళ్లు లాస్‌వేగాసులోనూ ఉంటారు. వాళ్లముందు ఏంచెయ్యాలి? మొదటి రెండు ముక్కలమీద పెంచడం మానక్కరలేదు. ఏ ముక్కలు పట్టుకున్నా వచ్చే మనిషి మీద ఆసూ-రాజూ నూటికి 65సార్లు గెలుస్తుంది. ఫ్లాప్‌లో ఆసో రాజో పడితే గట్టిగా కాయాలి, ఆవిడ ఎలాగూ వస్తుంది. ఏదీ పడకపోతే మాత్రం బెదిరింపు మానాలి. బెదిరేవాళ్లను బెదిరించాలి గాని, బెదరనివాళ్ల ముందు వీరంగమెందుకు?

అన్నట్టు, పడకపోవడమే ఎక్కువ. ఆసూ రాజూ పట్టుకుని ఫ్లాప్ చూస్తే, మూడు ముక్కల్లో ఒక్కటైనా ఆసో రాజో ఉండడం నూటికి 32సార్లు. మూడింట రెండు వంతులు వట్టిచెయ్యే. ఈ దశలోనే మంచి ఆటగాడికీ తెలిసీతెలియని ఆటగాడికీ తేడా తెలుస్తుంది. ఎదుట ఒక్కడే ఉండి, బల్లమీద రాణి, ఏడు, రెండు వేర్వేరు గుర్తులతో పడ్డాయనుకోండి. వాడి చేతిలో జత లేకపోతే వాడికీ మూడింట రెండుసార్లు ఏమీ తగలదు. మొదట పెంచిందెవరు? మనం. కనుక గొప్పచెయ్యి మనదేనని వాడి అనుమానం. రాశిలో 100 ఉంటే 50 కాద్దాం. మూడుసార్లలో ఒక్కసారి వాడు పడేసినా మన పందెం మనకు గిట్టుబాటే. చాలామంది అంతకంటే ఎక్కువే పడేస్తారు.

అదే ఎదుట ముగ్గురుండి, బల్లమీద తొమ్మిది, ఎనిమిది, ఏడు వరసగా, అందులో రెండు ఒకే గుర్తుతో పడ్డాయనుకోండి. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరికి అది పెళ్లిభోజనం. మన ఆసూ రాజూ పక్కింటివాళ్లు. ఆ తర్వాతి ముక్క మనను ఆదుకోవాలంటే మిగిలిన 47 ముక్కల్లో ఆరే ఉన్నాయి, మూడు ఆసులూ మూడు రాజులూ. ఎనిమిదింట ఒక పాలు. అక్కడ సొగసుగా పడేసి, మంచినీళ్లు తాగి, తర్వాతి ఆటకు సిద్ధం కావాలి. మొదట పెంచాం కదా అని వెనక్కి తగ్గకపోవడం దూకుడు కాదు, మొండితనం. రెండూ పైకి ఒకలాగే ఉంటాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు, ఆడేవాడికి తెలియాలి.

ఆసూ-రాజూ తర్వాత వరసలో ఆసూ-రాణీ, ఆసూ-జాకీ వస్తాయి. ఇవి చూపులకు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గాని, గుణం వేరు. మన దగ్గర ఆసూ రాణీ, ఎదుట ఆసూ రాజూ ఉంటే, బల్లమీద ఆసు పడడం మనకు అదృష్టం కాదు, ఆపద. ఇద్దరికీ ఆసుల జతే, కాని పక్కన ఉన్న ముక్క చిన్నది గనక మనం ఓడిపోతాం, అదీ ఆలస్యంగా తెలుసుకుని. ఈ రెండు చేతులూ ఎదురెదురైతే ఆసూ-రాజూకు నూటికి 74 పాళ్లు. బ్రన్సన్ తన పుస్తకంలో ఆసూ-రాణీ తానెన్నడూ ఆడనని రాశాడు. కాస్త అతి అనిపిస్తుంది నాకు. ఎదుట ఇద్దరు ముగ్గురే మిగిలినప్పుడు దాన్ని పడేయడం ఐశ్వర్యాన్ని కాలదన్నడమే. కాని ముందు కూర్చున్న ఒకడు పెంచి, రెండోవాడు ఆ పైన పెంచినచోట ఆయన మాట వేదవాక్కు.

ఆ పెద్దమనిషి జాతకంలోనే ఒక వింత ఉంది. 1976లోనూ 1977లోనూ వరసగా ప్రపంచ పోటీ గెలిచాడు. రెండుసార్లూ ఆఖరి ఆటలో ఆయన చేతిలో ఉన్నవి పదీ, రెండూ! 1976లో ఎదుటి జెస్సీ ఆల్టో చేతిలో ఆసూ జాకీ ఉన్నాయి. ఫ్లాప్‌లో ఆసూ, జాకీ, పదీ పడ్డాయి. ఆల్టోకు ఒకటికి రెండు జతలు. ఆ తర్వాత రెండు, ఆ పైన పది పడి, బ్రన్సన్‌కు పదులు మూడు, రెళ్లు రెండు అయ్యాయి. ఇప్పటికీ పదీ-రెండుకు ఆయన పేరే. శాస్త్రం రాసినవాడికి కీర్తి తెచ్చింది శాస్త్రం ఒప్పుకోని ముక్కలు.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2000 సంవత్సరపు ప్రపంచ పోటీది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు టి.జె. క్లూటియర్, అరవై దాటిన పాతకాపు, ఒకప్పటి కెనడా ఫుట్‌బాల్ ఆటగాడు, 1985లో ఒకసారి రెండోస్థానంలో ఆగిపోయినవాడు. ఇంకొకరు క్రిస్ ఫెర్గుసన్, కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న యువకుడు, పొడుగు జుట్టు, నెత్తిన టోపీ. ఆఖరి ఆటలో క్లూటియర్‌కు ఆసూ రాణీ వచ్చాయి. బల్లమీద ఒక్క ముక్కయినా పడకముందే సర్వం ఒడ్డాడు. ఫెర్గుసన్ చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. తిప్పితే ఆసూ, తొమ్మిదీ! క్లూటియర్‌కు దాదాపు నాలుగింట మూడు పాళ్లు. బల్లమీద రెండు, రాజు, నాలుగు, మళ్లీ రాజు పడ్డాయి. ఇక ఒక్క ముక్క. కట్టలో మిగిలిన 44 ముక్కల్లో ఫెర్గుసన్‌ను గెలిపించేవి మూడు తొమ్మిదులే. తొమ్మిదే పడింది. మొదటి బహుమానం 15 లక్షల డాలర్లు, రెండోది 8,96,500 డాలర్లు. ఆ ఒక్క ముక్క ఖరీదు ఆరు లక్షల డాలర్ల పైమాటే.

క్లూటియర్ ఆ ఆట తప్పుగా ఆడాడా? లేదు. మళ్లీ అవే ముక్కలు వస్తే మళ్లీ అలాగే ఆడాలి. ఈ ఆటలో చేదంతా ఇక్కడే ఉంది: సరిగ్గా ఆడినా ఓడిపోతాం, తప్పుగా ఆడినా గెలుస్తాం, ఏది ఏదో ఒక్క రాత్రిలో తెలియదు. వేల ఆటలు ఆడితేగాని లెక్క తన ముఖం చూపదు. 2017 జనవరిలో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు లిబ్రటస్ అనే కంప్యూటరును నలుగురు ఆరితేరిన ఆటగాళ్లమీదికి వదిలారు. ఇరవై రోజులపాటు 1,20,000 ఆటలు ఆడించాకనే అది నలుగురినీ ఓడించిందని ధైర్యంగా చెప్పారు. అది రాశికి ఎన్నో రెట్లు ఒడ్డి మనుషులను ఊపిరాడనివ్వలేదు. యంత్రానికి భయం తెలియదు, భయపెట్టడం మాత్రం వచ్చింది.

ఇప్పుడు విశాఖపట్నం తల్లిగారికి జవాబు. అమ్మా, మీ అబ్బాయి చెప్పే సిద్ధాంతంలో లెక్క ఉంది. ఆసూ-రాజూతో పెంచడం, ఊరికే సరేనకపోవడం, ఇవి తెలివైన పనులే. ఇది నేర్పులేని ఆట అని నేననను. రమ్మీ ప్రధానంగా నేర్పుమీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో తీర్పిచ్చింది; ఆ కేసు పుట్టింది మన సికింద్రాబాదు క్లబ్బులోనే. కాని నేర్పు ఉన్నంతమాత్రాన ఫోనులో డబ్బుపెట్టి ఆడవచ్చని కాదు. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ ఆన్‌లైనులో డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టాలు సవరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ అలాంటి చట్టమే చేసింది, నేర్పు ఆటలని మినహాయింపు ఇవ్వకుండా.

చట్టం సంగతి అలా ఉంచి, ఇంట్లో సంగతి చెబుతాను. పందెం పెంచే విద్యకు ప్రాణం ఎదుటివాడి నొప్పి అన్నాను. ఆ నొప్పి మీ అబ్బాయికీ ఉంటుంది. వాడి జేబులో ఉన్నది పరీక్ష ఫీజు అయితే, ఎదుటివాడు వెయ్యి తోసినప్పుడు రెండుసార్లు పడేసి, మూడోసారి రోషానికి సరేనంటాడు. ఆ రోషానికి అబ్బాయి చూసే పాఠాలు మందు చెప్పవు. పోయినా రేపటి కాఫీ మానక్కరలేని డబ్బు ఉన్నవాడే ఆ బల్లదగ్గర ధైర్యంగా ఉండగలడు, మిగతావాళ్లు ఆ ధైర్యాన్ని నటిస్తారు.

వాడిని కేకలెయ్యకండి. కేకలేస్తే ఫోను పక్కగదిలోకి పోతుంది. చాప పరిచి చింతపిక్కలు పొయ్యండి. పక్కన కూర్చుని మీరూ ఆడండి, రమ్మీ వచ్చినవారికి ఇది రెండు రోజుల చదువు. గెలిచిన ఆటలు ఎవరైనా చెబుతారు. మీరు మాత్రం ఇది అడగండి: ఆసూ రాజూ పట్టుకుని, పందెం పెంచి, ఫ్లాప్ చూశాక నోరు మూసుకుని పడేసిన ఆటలు ఎన్నిరా అబ్బాయ్? వాడి దగ్గర ఆ లెక్క ఉంటే నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి.